తక్కువ ఖర్చుతో కారు ఎత్తు తగ్గించడం ఎలా? లోయరింగ్ స్ప్రింగులు మీరే బిగించుకోండి

టైరుకీ పైనున్న ఫెండర్ అంచుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే ఖాళీని రెండు వేళ్లకు తేవాలని చాలామందికి ఉంటుంది. ఎత్తు తగ్గితే కారు చూడటానికి బాగుంటుంది, మలుపుల్లో పక్కకు ఒరగడమూ కొంత తగ్గుతుంది. పని మీరే చేసుకుంటే మెకానిక్ కూలీ మిగులుతుంది. అయితే ఈ పనిలో డబ్బు మిగుల్చుకునే చోట్లు కొన్ని ఉన్నాయి, ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ముందుగా వాటి గురించే చెబుతాను.

ఏం కొనాలి?

అన్నిటికంటే చవక పద్ధతి ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేయడం. దయచేసి ఆ పని చేయకండి. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, ఎత్తు కూడా తగ్గుతుంది, అంతవరకు నిజమే. కానీ కోసిన చివర దాని సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం గుంతలోకి దిగి సస్పెన్షన్ పూర్తిగా సాగినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పక్కకు జరిగిపోవచ్చు. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా ప్రమాదం. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, తర్వాత అది ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

తక్కువ బడ్జెట్‌లో సరైన దారి మీ కారు మోడల్ కోసమే తయారైన లోయరింగ్ స్ప్రింగులు. 25 నుంచి 35 మిల్లీమీటర్ల వరకు దించేవి తీసుకుంటే చాలు. షాక్ అబ్జార్బర్లు మంచి స్థితిలో ఉంటే ఆ మేరకు పాతవే పనికొస్తాయి. అంతకంటే కిందికి దించాలంటే పొట్టి షాక్‌లు కూడా కావాలి, బడ్జెట్ లెక్క మారిపోతుంది. ఎత్తు సర్దుకునే వీలుండే కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ కలిసి ఒకే సెట్‌గా వచ్చేవి) మంచివే. కానీ పేరూ ఊరూ లేని చవక కాయిలోవర్లకూ మంచి స్ప్రింగులకూ ఒకే ధర పడుతుంటే నేను స్ప్రింగులే తీసుకుంటాను.

వాడిన స్ప్రింగులు కొనుక్కోవచ్చు. పైన పెయింట్ పోయినా పర్వాలేదు, తుప్పు లోతుగా తిని గుంటలు పడితే మాత్రం వద్దు. వాడిన షాక్‌లు మాత్రం కొనకండి, అవి లోపల ఎంత అరిగాయో బయటికి కనిపించదు. మీ కారు షాక్‌ల మీద ఆయిల్ చెమ్మ ఉంటే ఇప్పుడే మార్చేయండి. ఎలాగూ మొత్తం విప్పుతున్నారు, రెండోసారి అదే కష్టం ఎందుకు? వీల్ అలైన్‌మెంట్‌కు డబ్బు కూడా ముందే పక్కన పెట్టుకోండి. సస్పెన్షన్ మార్పులకు చాలా దేశాల్లో అనుమతి లేదా తనిఖీ అవసరం, ఇన్సూరెన్స్‌కూ తెలియజేయాలి. ఆ సంగతి కొనకముందే కనుక్కోండి.

పనిముట్లు

జాకీ, కారు బరువును మోయగల రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, సాకెట్ సెట్, అలెన్ కీలు, టార్క్ రెంచ్ (బోల్టును చెప్పిన కొలతకు, అంటే టార్క్‌కు, బిగించే రెంచ్), స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) కావాలి. వీటిలో చాలావరకు అరువుకో అద్దెకో తెచ్చుకోవచ్చు. కంప్రెసర్ తెచ్చుకుంటే దాని కొక్కేలు, మరలు బాగున్నాయో లేదో చూసి మరీ తెచ్చుకోండి. ఏ బోల్టు ఎంత బిగించాలో మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూసి ఒక కాగితం మీద రాసుకోండి.

ముందు రోజే నట్లన్నిటి మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలిని బట్టి లెక్క మారుతుంది.

కింద చెప్పేది ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, దాని చుట్టూ స్ప్రింగు కలిసి ఒకే భాగంగా ఉండేది), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డ దూలం) ఉన్న కార్లకు. చిన్న కార్లలో ఎక్కువగా ఈ అమరికే ఉంటుంది.

వెనక నుంచి మొదలుపెట్టండి

వెనక పని సులువు, చేయి అలవాటు పడుతుంది. కారు చదునైన గట్టి నేల మీద ఉండాలి. వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే, అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి గేర్‌లో ఉంచండి. చక్రాల నట్లు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. కారు ఎత్తి, తయారీదారు చూపిన చోట్ల స్టాండ్లు పెట్టి, చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి.

చక్రాలు తీసి, బీమ్ కింద జాకీ పెట్టి కొద్దిగా బరువు ఆనించండి. షాక్‌ల కింది బోల్టులు రెండు వైపులా తీసి, జాకీని మెల్లగా దించండి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు లాగుతున్నాయేమో చూస్తూ దించాలి. చాలా కార్లలో స్ప్రింగు ఇక్కడ చేత్తోనే వచ్చేస్తుంది. పాత స్ప్రింగుకున్న రబ్బరు ప్యాడ్లు కొత్తదానికి తొడిగి, స్ప్రింగు చివర సీటులోని మెట్టుకు తగిలేలా కూర్చోబెట్టండి. బీమ్ లేపి బోల్టులు దూర్చండి, కానీ పూర్తిగా బిగించకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు వైపు

ఇప్పుడు వెనక చక్రాలు తొడిగి కారు దించండి. దిమ్మలు వెనక చక్రాలకు మార్చి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు భాగం కూడా అలాగే లేపి స్టాండ్ల మీద నిలిపి చక్రాలు తీయండి. స్ట్రట్ నుంచి లింక్ రాడ్ (దానికి పక్కన బిగించి ఉండే సన్న కడ్డీ) విప్పండి, బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు క్లిప్పులు వదిలించండి. స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రం బిగించే హబ్‌ను మోసే లోహపు భాగానికి) పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టుల చుట్టూ మార్కర్‌తో గీతలు గీయండి, తిరిగి బిగించేటప్పుడు చక్రం వంపు దాదాపు అదే చోటికి వస్తుంది. బోల్టులు తీసే ముందు హబ్‌ను ఒక తీగతో పైకి కట్టేయండి. వదిలేస్తే అది బయటికి వాలి బ్రేక్ హోస్‌ను లాగుతుంది, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ కూడా లోపలి వైపు ఊడి రావచ్చు.

బానెట్ కింద స్ట్రట్ పైభాగం కనిపిస్తుంది. చాలా కార్లలో చుట్టూ చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటాయి. తీయాల్సింది చిన్నవాటినే. మధ్య నట్టు నొక్కి ఉంచిన స్ప్రింగును పట్టుకుని ఉంటుంది, దాని జోలికి ఇప్పుడు వెళ్లకండి. చివరి నట్టు తీసేటప్పుడు స్ట్రట్‌ను కింద ఒకరు పట్టుకోవాలి.

తర్వాతి పని మొత్తం పనిలోకి ప్రమాదకరమైనది. నొక్కిన స్ప్రింగు జారితే ఎముకలు విరుగుతాయి, ప్రాణమే పోవచ్చు. కంప్రెసర్ రెండు భాగాలనూ స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని ఎక్కువ చుట్లు పట్టేలా తగిలించండి. ఒకటి రెండు తిప్పులు ఒక పక్క, మళ్లీ రెండో పక్క, ఇలా చేత్తో సమానంగా బిగించండి. ఇంపాక్ట్ గన్ వాడకండి. ముఖం ఎప్పుడూ స్ప్రింగు చివరలకు ఎదురుగా ఉండకూడదు. స్ప్రింగు సీటులో చేత్తో తిరిగేంత వదులయ్యాకే, రాడ్‌ను అలెన్ కీతో ఆపి మధ్య నట్టు విప్పండి.

ధైర్యం చాలకపోతే విప్పిన స్ట్రట్లను వర్క్‌షాప్‌కు తీసుకెళ్లి ఈ ఒక్క పని చేయించండి. అక్కడ దీని కోసం ప్రెస్ ఉంటుంది, మొత్తం కూలీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. మొదటిసారి చేసే ఎవరికైనా నేను ఇదే చెబుతాను.

విప్పేటప్పుడు ప్రతి ముక్కనూ వరసగా పేర్చి ఫోటో తీసుకోండి. పైన మౌంట్‌లో ఉండే బేరింగ్‌ను చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే మార్చేయండి. బంప్ స్టాప్‌ను (షాక్ రాడ్ మీద ఉండే మెత్తటి దిమ్మను) కూడా గమనించండి. కారు 30 మిల్లీమీటర్లు దిగిందంటే చక్రం పైకి కదిలే దూరం అంత తగ్గిపోయినట్టే. స్ప్రింగు తయారీదారు బంప్ స్టాప్ ఇంత కోయమని చెబితే అంతే కోయండి, పూర్తిగా తీసేయకండి. అది లేకపోతే పెద్ద గుంతలో షాక్ లోపలి భాగాలే గుద్దుకుంటాయి. కొత్త స్ప్రింగు చివర మెట్టులో కూర్చున్నాక మధ్యన కొత్త నట్టు వేసి, టార్క్ ప్రకారం బిగించాక కంప్రెసర్ వదలండి. స్ట్రట్‌ను తిరిగి ఎక్కించి, గీతలు కలిపి, విప్పిన వరసకు తిరగేసి బిగించండి.

రబ్బరు బుష్‌ల బోల్టులు చివర్లో

బుష్‌లంటే సస్పెన్షన్ కీళ్లలో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు. వాటి బోల్టులు ముందే బిగించేయడం చాలామంది చేసే తప్పు. ఒకసారి నేనూ చేశాను, కొన్ని నెలల్లోనే వెనక బుష్‌లు చిరిగిపోయాయి. బుష్‌లోని రబ్బరు మీరు బోల్టు బిగించిన స్థితిలోనే పట్టుకుపోతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీద నిలబడగానే రబ్బరు మెలిపడి ఎప్పుడూ అలాగే ఉంటుంది. అందుకే చక్రాలు తొడిగి, కారు దించి, మూలలు కొన్నిసార్లు నొక్కి, కొంచెం ముందుకూ వెనక్కూ కదిపి, అప్పుడు షాక్ కింది బోల్టుల వంటివి పూర్తి టార్క్‌కు బిగించండి. కింద చేయి పట్టకపోతే కారు స్టాండ్ల మీదే ఉంచి, జాకీతో బీమ్‌ను బరువు పడేదాకా లేపి బిగించవచ్చు.

రోడ్డు మీదికి వచ్చే ముందు

స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, టైరు ఎక్కడైనా తగులుతోందా, హోస్ లాగుతోందా చూడండి. ఎత్తు మళ్లీ కొలవండి. మొదట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి బ్రేక్‌లు పరీక్షించండి. స్టీరింగ్ తిప్పితే టంగుమని శబ్దం వస్తే స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదు లేదా బేరింగ్ తేడాగా ఉంది. గుంతల్లో టకటకమంటే ముందుగా లింక్ రాడ్, స్ట్రట్ పై నట్లు చూడండి. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి.

కొన్ని రోజులకు స్ప్రింగులు కొద్దిగా కుదురుకుంటాయి. అప్పుడు అలైన్‌మెంట్ చేయించండి. స్టీరింగ్ వంకరగా ఉన్నా, కారు పక్కకు లాగుతున్నా ఆగకుండా వెంటనే చేయించాలి. ఎత్తు తగ్గితే క్యాంబర్ మారి చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. టైర్లను ఎక్కువగా తినేది మాత్రం దానితోపాటు మారే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. హెడ్‌లైట్ల కోణం కూడా సరిచేయించండి.

కొన్ని కార్లలో వెనక బీమ్‌కూ బాడీకీ మధ్య ఒక చిన్న కడ్డీతో కలిసిన బ్రేక్ వాల్వ్ ఉంటుంది. బాడీ కిందికి దిగితే బరువు ఎక్కువైందని అది అనుకుని వెనక బ్రేక్‌లకు ఎక్కువ ప్రెషర్ పంపుతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే కారు తిరిగిపోతుంది. మీ కారుకు అది ఉంటే కొత్త ఎత్తుకు తగ్గట్టు సర్దించేదాకా నడపకండి.

పాత స్ప్రింగులు పారేయకుండా, ఏది ఏ మూలదో రాసి దాచుకోండి. కారు అమ్మేటప్పుడో, తనిఖీకి వెళ్లేటప్పుడో అవసరం పడవచ్చు.