రీఫ్యూయలింగ్‌కు ముందు బోరాన్‌ను ఒకసారి చూసి రండి

రియాక్టర్ ఆపి, మూత తీసి, పాత ఇంధనం బయటికీ కొత్తది లోపలికీ చేర్చే రోజుల్లో ప్లాంటులో ఎవరికీ ఊపిరి సలపదు. క్రేను, పంపులు, వెల్డింగు, షెడ్యూలు అంటూ అందరూ పరుగులే. ఆ హడావుడిలో ఎవరి కంటికీ ఆననిది, గొలుసు చర్య అదుపు తప్పకుండా న్యూట్రాన్లను మింగే బోరాన్ లాంటి పదార్థం. అది కదలదు, చప్పుడు చేయదు, కాబట్టి ఉందిలే అనుకుంటాం. పని మొదలుపెట్టకముందే అది ఉందో లేదో, ఎంత ఉందో చూసుకోవాలన్నది నా గట్టి మాట.

బోరాన్ అంతా ఒకటే కాదు. సహజ బోరాన్‌లో న్యూట్రాన్‌ను పట్టేది బోరాన్-10 మాత్రమే. అది దాదాపు 20 శాతం, మిగతాది బోరాన్-11, ఈ పనికి దాదాపు అక్కరకు రాదు. అందుకే పత్రాల్లో మొత్తం బోరాన్ అంకె చూసి సంతృప్తి పడకండి, బోరాన్-10 ఎంతో అడగండి. గడోలినియం, కాడ్మియం, హాఫ్నియం కూడా ఈ పనికి వస్తాయి, కానీ ఇంధనం నిల్వ చేసే కొలనులో ఎక్కువగా కనిపించేది బోరానే.

పెట్టిన బోరాన్ పెట్టినట్టే ఉంటుందనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి అమెరికాలోని ఐడహోలో ఉన్న ఎస్ఎల్-1 అనే చిన్న రియాక్టర్ చాలు. అందులో ఇంధనానికి అంటించిన అల్యూమినియం-బోరాన్ పట్టీలు వంగిపోయి, పెచ్చులుగా రాలాయి. ఆ సంగతి ముందే తెలిసింది, లోటు పూడ్చడానికి కాడ్మియం పట్టీలు పెట్టారు. 1961 జనవరి 3 రాత్రి నిర్వహణ పనిలో 10 సెంటీమీటర్లు ఎత్తాల్సిన నడి కంట్రోల్ రాడ్‌ను (గొలుసు చర్యను అదుపులో ఉంచే కడ్డీని) చేత్తో 50 సెంటీమీటర్ల దాకా లాగారు. అక్కడున్న ముగ్గురూ చనిపోయారు. నేరుగా కారణం రాడ్ లాగడమే. కానీ ఒక్క రాడ్ మీద అంత భారం పడే రియాక్టర్‌లో బోరాన్ కూడా రాలిపోతుంటే, మనిషి తప్పుకు చోటెక్కడుంటుంది?

కొలనులో ఇంధనాన్ని నిలబెట్టే ర్యాక్‌లదీ ఇలాంటి కథే. వాటి గోడల్లో బోరాన్ కార్బైడ్ కలిపిన సిలికోన్ రబ్బరు పలకలు వాడిన కాలం ఒకటుంది. గామా కిరణాలు తగిలి ఆ రబ్బరు కుంచించుకుపోయి మధ్యలో ఖాళీలు పడ్డాయి, దానిలోని సిలికా నీళ్లలో కరిగింది. అలాంటి ర్యాక్‌లున్న చోట నీటి పరీక్షలో సిలికా పెరుగుతుంటే కెమిస్ట్రీ వాళ్లకు వదిలేయకండి, అది ర్యాక్ పెడుతున్న కేక. అల్యూమినియం తొడుగున్న పలకల్లో అయితే ఉబ్బులు వస్తాయి. వీటిని పట్టుకోవడానికే అదే పదార్థం ముక్కలను కొలనులో వేలాడదీసి, కొన్నేళ్లకొకటి పైకి తీస్తారు. అలా తీసిన ముక్కను చూడండి. అంచు పొడి రాలుతోందా, మధ్యలో ఎత్తుగా తగులుతోందా, మందం మారిందా? ఆఖరి ముక్క తీసి ఎన్నేళ్లయిందన్న ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోతే, అక్కడే ఆగి రికార్డు తెప్పించండి.

నీళ్లలో కలిపే బోరిక్ యాసిడ్‌కు చలి పడదు. పైపు చల్లబడితే స్ఫటికాలు కట్టి దారి మూసేస్తుంది. పైపుల హీటింగ్ పనిచేస్తోందా చూడండి. బోరాన్ కలపని నీళ్లు కొలనులోకో రియాక్టర్‌లోకో పొరపాటున వచ్చే వాల్వులన్నిటికీ తాళం వేసి, ట్యాగ్ కట్టండి. నీటి శాంపిల్ ఇద్దరు విడివిడిగా తీయాలి. ఏ జాయింటు దగ్గరైనా కారి ఎండిన బోరిక్ యాసిడ్ తెల్లటి పెచ్చు కనిపిస్తే తుడిచేసి ఊరుకోవద్దు. అమెరికాలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ ప్లాంటులో 2002లో అలా కారిన యాసిడ్ రియాక్టర్ మూత ఉక్కును లోతుగా తినేసిందని తేలింది.

కొత్త ఇంధనం పొడిగా ఉన్నంతకాలం శాంతంగానే ఉంటుంది. నీళ్లు చేరితేనే గొలుసు చర్య లెక్క మారుతుంది. ప్లాస్టిక్ తొడుగు కింది వైపు తెరిచి ఉండాలి, లేదంటే నీళ్లు లోపల నిలుస్తాయి. నిండా నీళ్లకంటే సన్నటి తుంపర, నురుగు ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. కాబట్టి ఆ గదిలో మంటలార్పడానికి ఏది వాడాలో అగ్నిమాపక సిబ్బందికి ముందే చెప్పి పెట్టండి, మంట రేగాక చెప్పే విషయం కాదది.

లోడింగ్ రోజు న్యూట్రాన్ కౌంటర్ టిక్కుటిక్కు స్పీకర్‌లో వినిపించేలా పెట్టండి. ఒక్కో ఇంధన కట్ట దించాక అది పెరిగి, నిలకడగా ఆగాలి. ఆగకుండా ఎక్కుతూ పోతే ఆ కట్టను వదలకండి, పైకి తీయండి. షెడ్యూలు ఎంత వెనకబడినా సరే.

1999 సెప్టెంబర్ 30న జపాన్‌లోని తోకైమురా ఇంధన తయారీ కేంద్రంలో 2.4 కిలోలు దాటకూడని యురేనియాన్ని స్టీలు బకెట్లతో ఒకే తొట్టెలో 16 కిలోలకు పైగా పోశారు. నీలి మెరుపు మెరిసింది. ఇద్దరు చనిపోయారు. గొలుసు చర్య దాదాపు 20 గంటలు సాగింది. తొట్టె చుట్టూ ఉన్న నీళ్లు తీసేశాకే అది ఆగింది, ఆ తర్వాత బోరిక్ యాసిడ్ పోశారు.

మీ దగ్గర అలా గొలుసు చర్య మొదలైందని చెప్పే అలారం మోగితే చేతిలోది అక్కడే వదిలి, గుర్తు పెట్టిన దారిలో పరిగెత్తండి. బ్యాడ్జి, ఫోను, పనిముట్టు, దేనికోసమూ వెనక్కి వెళ్లకండి. గుమిగూడే చోట పేర్లు పిలిచి లెక్క సరిపోయాకే ఎవరైనా ఇంకో మాట మాట్లాడాలి.