రవాణాలో ట్రాక్టరుపై కుదుపు భారాలు – మూడవ పాఠం: అలల బాట

గత పాఠంలో ఆగివున్న ట్రాక్టరును లెక్కించాం. 2000 కిలోల ట్రాక్టరుకు ముందు ఇరుసుపై 800 కిలోలు, ఇరుసుల మధ్య 1.9 మీటర్లు. వెనుక ఇరుసుకు 1.3 మీటర్ల అవతల గరిమనాభి ఉన్న 450 కిలోల రోటావేటరును (తిరిగే పళ్లతో మట్టిని గుల్లచేసే పనిముట్టు) పైకెత్తగానే ముందు భారం 308 కిలోలు తగ్గి 492 మిగిలింది. స్టీరింగు పట్టు నిలవాలంటే ట్రాక్టరు బరువులో ఐదో వంతు, అంటే 400 కిలోలు, ముందు ఉండాలి కనుక అక్కడికి సరిపోయింది.

ఇప్పుడు అదే బండిని గుణుపురం నుండి వంశధార ఒడ్డు పల్లెలకు పోయే మట్టిబాట ఎక్కిద్దాం. వానాకాలంలో నలిగి ఎండలకు గట్టిపడిన ఆ బాటలో 2 మీటర్లకొక అల ఉందని, అల అడుగు నుండి శిఖరానికి ఎత్తు 2 సెంటీమీటర్లేనని అనుకుందాం. వెనుక ఇరుసుకు స్ప్రింగులు ఉండవు, టైరే స్ప్రింగు. రెండు వెనుక టైర్ల దృఢత్వం కలిపి మీటరుకు 400 కిలోన్యూటన్లు, వాటిపై భారం 1958 కిలోలు (1200 + 308 + 450) అనుకుంటే సహజ పౌనఃపున్యం, అంటే ఒకసారి కదిపి వదిలితే బండి తనంతట తాను ఊగే లయ, సెకనుకు 2.27 కంపనాలు. అలలు అదే లయలో తగిలే వేగం కోసం దానిని 2 మీటర్లతో గుణిస్తే సెకనుకు 4.5 మీటర్లు, అంటే గంటకు సుమారు 16 కిలోమీటర్లు వస్తుంది; రోటావేటరు తగిలించుకుని మనవాళ్లు సాధారణంగా తోలే వేగమే అది.

డాంపింగ్ నిష్పత్తి (ఊగడం ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె) 0.1 వేసుకుంటే ఆ వేగంలో అల ఎత్తులో సగమైన 1 సెంటీమీటరు కంపన పరిమితి (మధ్య స్థానం నుండి ఊగే గరిష్ఠ దూరం) బండికి 5 సెంటీమీటర్లవుతుంది, త్వరణం గురుత్వాన్ని దాటుతుంది. 10 కిలోమీటర్ల వేగంలో అది గురుత్వంలో 12 శాతమే. 25లో 37 శాతం. "గట్టిగా తోలితే కుదుపు తెలియదు" అనే డ్రైవరు మాట లెక్కకు కొంత నిలుస్తుంది, బ్రేకుకు నిలవదు.

16 కిలోమీటర్ల వద్ద రోటావేటరు బరువు క్షణకాలం రెట్టింపైనట్లే. ముందు భాగం తాను ఎగరదనుకున్నా అక్కడ 184 కిలోలకు మించి మిగలదు. లోయర్ లింకుల (రోటావేటరును ట్రాక్టరుకు కలిపే కింది చేతుల) పిన్నులూ అదే రెట్టింపు భారాన్ని మోస్తాయి.

ఇక స్ప్రెడ్‌షీటులో 0.005 సెకన్ల అడుగుతో వరుసలు నింపండి: టైరు బలం నుండి త్వరణం, దాని నుండి వేగం, ఆ కొత్త వేగం నుండి స్థానం. టైరు నేలను తోయగలదే గాని లాగలేదు. అందువల్ల టైరు బలం రుణాత్మకమైన ప్రతి వరుసలో దానిని సున్నా చేయాలి. ఈ షరతు మరిచిన పట్టిక, గాలిలోకి లేచిన చక్రాన్ని కూడా నేలకు అంటుకున్నట్లే చూపుతుంది. అభ్యాసంగా అల పొడవును 1.5 మీటర్లకు మార్చి, ఏ వేగం ప్రమాదకరమో తేల్చండి.