తోబుట్టువుల పాప్ జోడీ: గొంతులు కలపడం నుంచి వాటాలు రాసుకోవడం దాకా

తోబుట్టువుల గొంతులు కలిసినంత సులువుగా బయటివాళ్ల గొంతులు కలవవు. గొంతు నిర్మాణంలో పోలిక ఉంటుంది, ఒకే ఇంట్లో పెరగడం వల్ల అచ్చులు పలికే తీరూ ఒకటే. చిక్కు కూడా అక్కడే ఉంది. ఇద్దరూ ఒకే స్థాయిలో పాడితే అసలు ట్యూన్ ఏదో వినేవాళ్లకు అంతుపట్టదు. అందుకే ప్రతి పాటకూ ముందు ప్రధాన గొంతు ఎవరిదో తేల్చుకోండి. పల్లవిలోని అతి పై స్వరాన్ని ఆ మనిషి వరసగా మూడుసార్లు బిగపట్టకుండా పాడగలగాలి. లేదంటే శృతి ఒక సెమిటోనో (కీబోర్డు మీద పక్క మెట్టుకు ఉండే దూరం) రెండో దించండి.

హార్మనీకి, అంటే ట్యూన్‌తో పాటు వేరే స్వరంలో పాడే రెండో గొంతుకు, థర్డ్ పైన (ట్యూన్ స్వరంతో కలిపి లెక్కిస్తే పైకి మూడో స్వరం) పాడటం అందరికీ అలవాటే, కానీ గుడ్డిగా పాడితే దెబ్బతింటుంది. సి మేజర్ కార్డ్ (సి, ఇ, జి స్వరాల కలయిక) మీద ట్యూన్ జి దగ్గర నిలిచిందనుకోండి, థర్డ్ పైన బి వస్తుంది. అది ఆ కార్డ్‌లో లేని స్వరం. కావాలని వాడితే తప్ప, అక్కడ సి పాడాలి.

రికార్డింగ్‌లో ఇద్దరినీ విడివిడిగా తీసుకుంటే సరిచేసుకోవడం తేలిక. మైక్‌కు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ఊపిరి తాకిడిని ఆపే జల్లెడ), 24 బిట్ రికార్డింగ్, పీక్‌లు (అతి పెద్ద శబ్దాలు) మీటరు మీద మైనస్ 10 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. మిక్స్‌లో, అంటే రికార్డ్ చేసినవన్నీ కలిపేటప్పుడు, హార్మనీని ప్రధాన గొంతు కన్నా 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించి మొదలుపెట్టండి. పంక్తి చివర 'స్', 'ట్' లాంటి హల్లులు ఇద్దరి నోటా కాస్త తేడాతో పడితే బుసబుసమని రెండుసార్లు వినిపిస్తుంది. హార్మనీ పాడేవాళ్లు ఆ చివరి హల్లును మింగేస్తే చాలు, ఎడిటింగ్‌లో గంటలు మిగులుతాయి. ఇద్దరే ఉన్నా బృందగానంలా నిండుగా వినిపించాలంటే ఒక్కో వరసనూ రెండు మూడుసార్లు పాడి పేర్చాలి. కార్పెంటర్స్‌గా పేరుపడ్డ అమెరికన్ పాప్ జోడీ రిచర్డ్, కారెన్ అన్నాచెల్లెళ్లు చేసింది ఇదే.

ఇక కాగితాలు. తోబుట్టువుల జోడీలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది వీటినే. 'మనలో మనకెందుకు' అని వదిలేసిన వాటా, పాటకు డబ్బు రావడం మొదలయ్యాక ఇంటి గొడవ అవుతుంది. రచనా ట్యూనూ కలిపి ఒక హక్కు, రికార్డింగ్ మరో హక్కు. పాడినంత మాత్రాన రచనలో వాటా రాదు. చెల్లి సాహిత్యం రాసి, ఇద్దరూ ట్యూన్ కట్టి, అన్న ప్రొడక్షన్ చేస్తే రెండు హక్కులకూ వేర్వేరు శాతాలు వేయాలి. పాట పూర్తయిన రోజే ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పాటల వాడకానికి డబ్బు వసూలు చేసి పంచే రాయల్టీ సంస్థలో ఎవరికి వారు నమోదు చేసుకున్నప్పుడు కూడా అవే అంకెలు ఇవ్వాలి. ఇద్దరూ ఇచ్చిన వాటాల మొత్తం 100 శాతం దాటితే వివాదం కింద చెల్లింపు ఆగిపోవచ్చు.

ఇద్దరే ఉన్నచోట ఓటు సమానమై పని నిలిచిపోతుంది. సౌండ్ విషయంలో ఒకరిది, వేదిక విషయంలో ఇంకొకరిది తుది మాట అని పంచుకోండి. డబ్బు తగాదాకు మూడో మనిషి కావాలి, అమ్మానాన్నలు మాత్రం వద్దు. వాళ్లు ఎటు మొగ్గినా రెండోవాళ్ల మనసులో అది ఉండిపోతుంది.

విడుదలకు నాలుగు వారాల ముందే పాటను డిస్ట్రిబ్యూటర్‌కు (పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థ) పంపండి. ప్లేలిస్ట్‌లో చేర్చమని స్పాటిఫై ఎడిటర్లకు కనీసం 7 రోజుల ముందు పిచ్ చేస్తే (పాటను పరిచయం చేస్తే) ఫాలోవర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్ట్‌లోకీ చేరుతుంది. కళాకారుల పేరు దగ్గర జోడీ పేరొక్కటే ఇవ్వండి. ఒక పాటకు జోడీ పేరు, ఇంకో పాటకు ఇద్దరి పేర్లు పెడితే శ్రోతలు వేర్వేరు ప్రొఫైళ్లకు చీలిపోతారు.

విడిపోయే సంగతి కలిసున్నప్పుడే మాట్లాడుకోవాలి. అమెరికన్ గాయకుల జోడీ డాన్, ఫిల్ ఎవర్లీ సోదరులు 1973 జులైలో వేదిక మీదే తెగతెంపులు చేసుకున్నారు. మళ్లీ కలిసి పాడింది 1983 సెప్టెంబరులో, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో. సోలో పాట చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఒకరు తప్పుకుంటే జోడీ పేరు ఎవరిది, ఉమ్మడి పాటలను ఒంటరిగా కచేరీల్లో పాడొచ్చా, ఒప్పుకున్న షోలు ఎవరు పూర్తిచేయాలి: ఈ నాలుగూ మొదటి పాట విడుదలకు ముందే ఒప్పందంలోకి ఎక్కించి, ఇద్దరికీ వేర్వేరు లాయర్ల చేత చదివించండి.