పాలీహౌస్ పైకప్పు కడిగి చూడండి

మా పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పి లోపల పంట పండించే షెడ్డు) రోడ్డు పక్కనే. సంక్రాంతి దాటేసరికి పైన షీటు మీద దుమ్ము, లారీల పొగ మసి అట్టకట్టి, లోపల క్యాప్సికం మొక్కలు వెలుతురు చాలక సన్నగా సాగిపోయేవి. ఎరువు పెంచినా లాభం లేకపోయింది.

10 లీటర్ల నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ 20 మిల్లీలీటర్లు కలపండి. పొడవాటి కర్రకు మెత్తటి పాత నూలు చీర చుట్టి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు తుడిచి, వెంటనే పైపుతో మంచినీళ్లు కొట్టండి. బ్రష్ మాత్రం వద్దు. గీతలు పడితే మసి మళ్లీ వాటిలోనే చేరుతుంది. కడగకముందు, కడిగాక మధ్యాహ్నం 12కి ఫోన్లో లక్స్ మీటర్ (వెలుతురు కొలిచే) యాప్‌తో బయటా లోపలా కొలవండి. మాకు బయటి వెలుతురులో సగం కూడా రానిది ముప్పాతిక దాకా వచ్చింది.

షీటు పాతబడి పసుపెక్కితే ఎంత కడిగినా వెలుతురు పెద్దగా పెరగదు, మార్చాల్సిందే.