డాక్‌ల లెక్క స్క్రిప్ట్‌తో తేల్చండి

ల్యాప్‌టాప్‌లెన్నో అడిగితే ఠక్కున చెబుతాను. డాక్‌ల (ల్యాప్‌టాప్‌ను ఒకే తీగతో మానిటర్, నెట్‌వర్క్ వగైరాలకు కలిపే పెట్టెలు) సంగతికొస్తే మొన్నటిదాకా బల్లల కింద దూరి స్టిక్కర్లు చదవాల్సిందే. ఇప్పుడు ఆ పని విండోస్‌లో కమాండ్‌లు, స్క్రిప్ట్‌లు నడిపే పవర్‌షెల్‌ది.

కంప్యూటర్‌కున్న పరికరాల జాబితా ఇచ్చే గెట్-పీఎన్‌పీడివైస్ (Get-PnpDevice) కమాండ్‌కి ప్రెజెంట్‌ఓన్లీ (-PresentOnly) తగిలించి నడపండి. అది లేకపోతే ఎప్పుడో పీకేసిన పరికరాలూ జాబితాలోకి వస్తాయి. ప్రతి పరికరానికీ విండోస్ చూపే ఇన్‌స్టెన్స్ ఐడీలో వీఐడీ (తయారీదారు నంబర్) 17ఈఎఫ్ అయితే లెనోవో, 413సీ అయితే డెల్, 03ఎఫ్0 అయితే హెచ్‌పీ. కానీ ఆ కంపెనీల మౌస్‌లూ ఇదే నంబర్‌తో దూరిపోతాయి. పైగా ఒక్కో డాక్ హబ్‌గా, ఆడియోగా, నెట్‌వర్క్ కార్డుగా నాలుగైదు వరుసల్లో కనబడుతుంది. అందుకే మోడల్‌కొక డాక్ తగిలించి చూసి, దాని పీఐడీల్లో (ఉత్పత్తి నంబర్లలో) ఒక్కటే ఎంచుకుని వడకట్టండి.

అసలు చిక్కు సీరియల్ నంబర్‌తో. ఇన్‌స్టెన్స్ ఐడీలో చివరి బ్యాక్‌స్లాష్ (\) తర్వాతి భాగం చూడండి. అందులో రెండో అక్షరం '&' అయితే అది విండోస్ సొంతంగా పెట్టుకున్నది; పోర్ట్ మారితే మారిపోతుంది, నమ్మకండి. అలాంటి డాక్‌లకు తయారీదారు ఇచ్చే టూలే గతి.

స్క్రిప్ట్‌ను లాగిన్‌లో ఒకసారి, ఆపైన గంటకోసారి నడిచేలా విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టండి. ల్యాప్‌టాప్‌కొక సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) రాయించండి. అన్ని ల్యాప్‌టాప్‌లూ ఒకే ఫైల్లో రాస్తే, ఒకటి రాస్తుండగా మరొకదానికి ఫైలు అందని లాక్ గొడవ తప్పదు. చివరిగా కనబడిన తేదీ కాలమ్ తప్పనిసరి. ఇంటికి చేరిన డాక్‌లు బయటపడేది అక్కడే.