తక్కువ ఖర్చుతో వియత్నాం: హనోయి నుంచి హో చి మిన్ నగరం దాకా

భారతీయులు ముందుగా ప్రభుత్వ వెబ్‌సైటులోనే ఈ-వీసా తీసుకోవాలి. ఒక్క ప్రవేశానికి రుసుము 25 డాలర్లు, గడువు గరిష్ఠంగా 90 రోజులు. అక్టోబరు, నవంబరు నెలల్లో హుయే, హోయి ఆన్ ప్రాంతాల్లో వరదలు వస్తుంటాయి కనుక మధ్య వియత్నాం చూడదలచినవారు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళడం మేలు.

హనోయి, హో చి మిన్ నగరాల మధ్య 1,726 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. ఆరు బెర్తుల గదిలో రాత్రి ప్రయాణం చేస్తే ఆ రాత్రికి బస ఖర్చు మిగులుతుంది. అయితే హుయే నుంచి దనాంగ్ వరకు మాత్రం తప్పనిసరిగా పగటి రైలే ఎక్కి, ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. హై వాన్ కనుమ అంచున రైలు మలుపు తిరిగేటప్పుడు పట్టాల కిందే సముద్రం కనిపించే ఆ దృశ్యాన్ని నిద్రలో పోగొట్టుకోకూడదు.

శాకాహారులు ‘చై’ (శాకాహారం) అనే మాట నేర్చుకోవాలి. కూరగాయల వంటకాల్లో కూడా చేపల రసం కలుపుతారు కాబట్టి ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. చాంద్రమాన నెలలో 1వ, 15వ తేదీల్లో, అంటే అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో, అక్కడి బౌద్ధులు చాలామంది శాకాహారమే తింటారు. ఆ రోజుల్లో భోజనం సులభంగా దొరుకుతుంది.

డబ్బు ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టాలి. 20,000, 5,00,000 డాంగ్‌ల నోట్లు రెండూ నీలి రంగువే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే ఉంటుంది. మసక వెలుతురులో చిన్న నోటుకు బదులు పెద్దది ఇచ్చేస్తే ఇరవై అయిదు రెట్లు చెల్లించినట్టే. పెద్ద నోట్లను వేరే అరలో పెట్టుకోండి.