గర్భసంచి ఆపరేషన్ తర్వాత వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు: ముందే చేసుకోవలసిన సన్నాహం

గర్భసంచి తొలగించే ఆపరేషన్‌కు తేదీ ఖరారు కాగానే కోత ఎక్కడ పెడతారు, మత్తు ఎలా ఇస్తారు, ఎన్ని వారాలు బరువులు ఎత్తకూడదు అన్న విషయాలన్నీ ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ చర్చకు వస్తాయి. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే ఒక అర్ధరాత్రి ఛాతీలో పుట్టిన సెగ మెడ మీదుగా ముఖానికి ఎగబాకి, గుండె దడదడలాడి, ఒంటిమీది బట్టలూ పక్కబట్టలూ తడిసిపోయి, ఆ తడికే మళ్లీ చలి పుట్టి వణికే అవస్థ గురించి మాత్రం ముందుగా చెప్పేవారు తక్కువ. తెలియక ఎదుర్కొన్నవారు దాన్ని జ్వరమనుకుని కంగారు పడతారు. లేదా, అంతకంటే ప్రమాదకరంగా, నిజమైన జ్వరాన్ని వేడి ఆవిరి అనుకుని ఊరుకుంటారు. ఈ రెండు పొరపాట్లూ జరగకుండా ఉండాలంటే ఆపరేషన్‌కు ముందే కొన్ని సంగతులు తెలుసుకుని ఉండాలి.

అండాశయాలు ఉంచుతున్నారా, తీసేస్తున్నారా?

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు పది ఉండవచ్చు గాని, ఈ బాధకు సంబంధించినంతవరకు మొదటి ప్రశ్న ఇదే. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోనును ప్రధానంగా తయారుచేసేవి అండాశయాలే తప్ప గర్భసంచి కాదు. ముట్లుడగడం సహజంగా జరిగినప్పుడు ఆ హార్మోను కొన్నేళ్లపాటు ఎగుడుదిగుడుగా తగ్గుతూ వస్తుంది కాబట్టి శరీరానికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. రెండు అండాశయాలనూ ఒకేసారి తీసేస్తే ఆ వ్యవధి ఉండదు. కొద్ది రోజుల్లోనే ఈస్ట్రోజన్ అడుగంటుతుంది, వేడి ఆవిర్లు మొదటి వారంలోనే మొదలుకావచ్చు, సహజంగా ముట్లుడిగినవారిలో కంటే తీవ్రంగానూ ఉండవచ్చు. ఒక్క అండాశయం మిగిలినా సాధారణంగా అది రెండింటి పనీ చేస్తుంది.

అండాశయాలు ఉంచిన వారికి ఈ బాధ అసలు రాదని కాదు. ఆపరేషన్ వల్ల వాటికి అందే రక్తప్రసరణలో కొంత మార్పు వచ్చి, తాత్కాలికంగా వేడి ఆవిర్లు కనిపించడం ఉంది. కొందరిలో అండాశయాలు ఉండవలసిన దానికంటే కొన్నేళ్లు ముందుగానే పని మానేస్తాయి కూడా. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గర్భసంచి లేని స్త్రీకి నెలసరి ఎలాగూ రాదు కనుక, అండాశయాలు ఎప్పుడు పని మానేశాయో చెప్పే గుర్తు ఆమెకు ఉండదు. ఆపరేషన్ అయిన మూడేళ్లకో, ఐదేళ్లకో మొదలయ్యే రాత్రి చెమటలే ఆ గుర్తు కావచ్చు. అలాంటప్పుడు లక్షణాలను చూసి, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించి డాక్టరు నిర్ధారిస్తారు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీని, ఆ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టును జాగ్రత్తగా దాచుకోవాలని నేను ప్రత్యేకంగా చెబుతాను. చాలాకాలం తర్వాత మరో డాక్టరు "ఓవరీలు ఉన్నాయా?" అని అడిగితే జవాబు చెప్పలేక తడబడే పరిస్థితి రాకూడదు. సమ్మరీలో బీఎస్‌ఓ అన్న మూడక్షరాలు ఉంటే రెండు అండవాహికలతో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు అర్థం. బైలేటరల్ శాల్పింజెక్టమీ అని మాత్రమే ఉంటే అండవాహికలు తీసి, అండాశయాలు ఉంచారన్నమాట. గర్భాశయ ముఖద్వారాన్ని, అంటే సర్విక్స్‌ను, ఉంచారా తీసేశారా అన్నది కూడా అందులోనే ఉంటుంది. తగ్గిన ఈస్ట్రోజన్‌ను మందుగా ఇచ్చే హార్మోను చికిత్స విషయంలో ఈ వివరం అక్కరకు వస్తుంది.

ఈ వేడి ఎక్కడి నుంచి వస్తుంది

శరీర ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే కేంద్రం మెదడులోని హైపోథాలమస్‌లో ఉంది. మామూలుగా ఒంటి లోపలి వేడి కాస్త పెరిగినా తగ్గినా ఆ కేంద్రం పట్టించుకోదు. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు అక్కడ న్యూరోకైనిన్ బి అనే పదార్థం ద్వారా సంకేతాలు పంపే నాడీకణాలు అతిగా చురుకెక్కి, ఆ సహనపు హద్దు బాగా కుంచించుకుపోతుంది. దాంతో దుప్పటి కాస్త మందంగా ఉన్నా, గదిలో గాలి ఆడకపోయినా, ఒళ్లు కాలిపోతోందని మెదడు పొరబడి, వేడిని వదిలించుకోవడానికి చర్మం కింది రక్తనాళాలను ఒక్కసారిగా వెడల్పు చేస్తుంది, చెమట పట్టిస్తుంది. పైకి సెగలా తెలిసేది అదే. చెమట ఆరేటప్పుడు లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా పడిపోతుంది కాబట్టే వెనువెంటనే వణుకు పుడుతుంది. సాధారణంగా ఒక్కో ఆవిరి ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. చెడిన నిద్ర మాత్రం అంత తొందరగా తిరిగి రాదు.

మంచం, బట్టలు, కోత

ఈ ఏర్పాట్లు ఆసుపత్రికి వెళ్లక ముందే జరిగిపోవాలి, ఎందుకంటే తిరిగి వచ్చిన తర్వాత కొన్ని వారాలు వంగి తీయడం, పైఅరలు అందుకోవడం, పరుపు ఎత్తి దుప్పటి మార్చడం కుదరని పనులు. ఒకే మందపాటి దుప్పటి బదులు రెండు మూడు పలుచటివి ఉంటే వేడెక్కినప్పుడు ఒకటి తోసేసి, చలి పుట్టినప్పుడు లాక్కోవచ్చు. పక్కమీద చెమట పీల్చే నూలు తువ్వాలు ఒకటి పరిచి ఉంచితే రాత్రివేళ దుప్పటంతా మార్చే శ్రమ తప్పుతుంది. తడిసిన తువ్వాలు లాగేసి పొడిది వేసుకుంటే చాలు. ముందు భాగంలో విప్పుకునే వీలున్న వదులైన నూలు రాత్రి దుస్తులు రెండు జతలు, మంచినీళ్లు, థర్మామీటరు, చిన్న దీపం నడుము ఎత్తులో చేతికందే చోట ఉండాలి. ఫ్యాన్ స్విచ్ కూడా పడుకున్న చోటు నుంచే అందితే మరీ మంచిది. తడి బట్టలు మార్చుకోవడానికి రాత్రి ఇంట్లో ఎవరినైనా లేపవలసి రావచ్చునని వారికి ముందే చెప్పి ఉంచాలి. మొదటి వారాల్లో మొహమాటపడి ఒంటరిగా తంటాలు పడటం కుట్లకు మంచిది కాదు.

సెగ పుట్టగానే దిగ్గున లేచి నిలబడకూడదు. అధిక రక్తస్రావం కారణంగా ఈ ఆపరేషన్ చేయించుకున్న వారిలో రక్తహీనత ఉండటం సాధారణం, దానికి నొప్పి మందుల మగత తోడవుతుంది; చెమట పట్టి రక్తనాళాలు వెడల్పైన క్షణంలో హఠాత్తుగా లేస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పక్కకు తిరిగి, చేతి ఊతంతో కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి లేవాలి.

కోత దగ్గర చెమట నిలవకుండా చూసుకోవడం ఇంకొక ముఖ్యమైన పని. పొట్ట మడత కింద అడ్డంగా కోత ఉన్నవారికి ఆ చోటు ఎప్పుడూ చెమ్మగా ఉండి చర్మం పాడయ్యే అవకాశం ఎక్కువ. మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు, పౌడరు చల్లకూడదు. ఐసు ముక్కలు, తడిగుడ్డ మెడకూ మణికట్టుకూ పెట్టుకోవచ్చు గాని కోత మీద కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన బిగుతు మేజోళ్లు ఉక్కగా ఉన్నాయని సొంత నిర్ణయంతో తీసి పారేయడం కూడా తగదు, ముందు డాక్టరును అడగాలి.

వేడి పానీయాలు, కారం, కాఫీ, మద్యం, పొగతాగడం చాలామందిలో ఆవిర్లను రేపుతాయని చెబుతారు. అందరికీ అన్నీ కారణం కావు కనుక, రెండు వారాలపాటు ఆవిరి వచ్చిన సమయం, దానికి ముందు ఏం తిన్నదీ తాగినదీ, గది ఎలా ఉన్నదీ ఒక కాగితం మీద రాసుకుంటే ఎవరికి ఏది పడదో వారికే తెలుస్తుంది. అయితే చల్లదనపు ఏర్పాట్లు గాని, ఈ పథ్యాలు గాని ఆవిర్ల సంఖ్యను తగ్గిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. అవి ఆ క్షణాన్ని భరించదగినదిగా చేస్తాయి, అంతవరకే. అన్నీ మానేసినా తగ్గలేదంటే తప్పు తమదేనని ఎవరూ అనుకోనక్కరలేదు.

ప్రతి చెమటా వేడి ఆవిరి కాదు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోవాలి. ఆవిరి వచ్చినప్పుడు చర్మం వెచ్చబడుతుంది గాని థర్మామీటరులో జ్వరం కనిపించదు. అందువల్ల మొదటి నెలలో రాత్రి చెమట పట్టిన ప్రతిసారీ, కాస్త కుదుటపడ్డాక ఒకసారి జ్వరం చూసుకోవడం మంచి అలవాటు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, లేదా అంతకు మించి ఉంటే అది హార్మోను తగ్గడం వల్ల వచ్చింది కాదు. కోతలోనో, కడుపు లోపలో, మూత్రంలోనో ఇన్ఫెక్షన్ ఉందేమో డాక్టరు చూడాలి. వణికించే చలి, దుర్వాసన గల స్రావం, కోత ఎర్రబడి చీము పట్టడం, మూత్రంలో మంట, రోజురోజుకూ తగ్గవలసిన నొప్పి పెరగడం ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి. నొప్పికి వేసుకునే పారాసెటమాల్ జ్వరాన్ని కప్పిపుచ్చి, అది దిగేటప్పుడు చెమట పట్టిస్తుందని కూడా తెలిసి ఉండాలి. మాత్ర వేసుకోబోయే ముందు చూసిన ఉష్ణోగ్రతే నమ్మదగినది.

చల్లని జిగట చెమట, పాలిపోయిన ముఖం, వేగంగా కొట్టుకునే గుండె, నిలబడలేనంత నీరసం కలిసి వస్తే లోపల రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి రక్తం గడ్డకట్టినదానికి సూచనలు. ఇలాంటి వాటికి తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడుతున్నవారు, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత ఆహారం తగ్గిన రోజుల్లో, చెమట పట్టినప్పుడు రక్తంలో చక్కెర చూసుకోవాలి, అది పడిపోయినా ఇలాగే ఉంటుంది. ట్రమడాల్ వంటి నొప్పి మందులు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా చెమట పట్టిస్తాయి. నెలలు గడిచినా రాత్రి చెమటలు తగ్గక, వాటితో పాటు బరువు తగ్గడమో, దగ్గో, మెడలో గడ్డలో ఉంటే థైరాయిడ్, క్షయ వంటి వాటికి పరీక్షలు చేయించవలసి ఉంటుంది.

ఓర్చుకోవడమే మార్గం కాదు

హార్మోను చికిత్స అనగానే భయపడేవారు ఎక్కువ. ఆ భయానికి మూలం అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధన. అందులో ఈస్ట్రోజన్‌తో ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే ప్రొజెస్టిన్ అనే మందు కలిపి వాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు పెరగడంతో 2002లో ఆ భాగాన్ని ఆపేశారు. అయితే గర్భసంచి తీసేసిన స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగం వేరు. పక్షవాతం పెరిగిందని 2004లో దాన్నీ ఆపారు గాని, అందులో రొమ్ము క్యాన్సరు పెరగలేదు. గర్భసంచి లేనివారికి సాధారణంగా ప్రొజెస్టిరాన్ అవసరం ఉండదు, ఎందుకంటే దాన్ని ఇచ్చేది గర్భసంచి లోపలి పొరను కాపాడటానికే. సర్విక్స్ మిగిలి ఉన్నవారిలో, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర వంటిది బయట పెరగడం) ఎక్కువగా ఉన్నవారిలో ఈ లెక్క మారవచ్చు. చర్మానికి అంటించే పట్టీ, పూసుకునే జెల్ రూపంలో తీసుకుంటే రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కంటే తక్కువ.

45 ఏళ్ల లోపే రెండు అండాశయాలూ తీసేసిన వారి విషయంలో ఇది కేవలం సెగ తగ్గించుకోవడానికి సంబంధించిన సంగతి కాదు. ఈస్ట్రోజన్ లేని ఏళ్లు పెరిగేకొద్దీ ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బులు ముందుగా వచ్చే అవకాశం పెరుగుతాయి కనుక, వద్దనడానికి కారణం లేకపోతే సహజంగా ముట్లుడిగే వయసు, అంటే సుమారు 50, 51 ఏళ్లు వచ్చేదాకా హార్మోను వాడమని వైద్యులు సలహా ఇస్తారు. రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డలు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు. క్యాన్సరు కారణంగానే ఆపరేషన్ జరిగి ఉంటే నిర్ణయం క్యాన్సరు వైద్యులదే.

హార్మోను పడనివారికీ మందులున్నాయి. తక్కువ మోతాదు పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్, రాత్రి చెమటలు ఎక్కువగా ఉన్నవారికి గాబాపెంటిన్ ఇస్తారు. రొమ్ము క్యాన్సరుకు ఇచ్చే టామోక్సిఫెన్ వాడుతున్నవారు పరాక్సెటిన్‌కు దూరంగా ఉండాలి, అది ఆ మందు పనిని తగ్గిస్తుంది. మెదడులోని న్యూరోకైనిన్ సంకేతాన్నే అడ్డుకునే ఫెజోలినెటాంట్‌కు 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాన్ని వాడేటప్పుడు కాలేయ పరీక్షలు తప్పనిసరి. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అధిక బరువు ఉన్నవారు బరువు తగ్గడం కూడా ఉపయోగపడతాయి. సోయా, మూలికల మాత్రలు సహజమైనవే కదా అని సొంతంగా మొదలుపెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు: వాటి ఫలితానికి నిలకడైన రుజువు లేదు, బ్లాక్ కోహోష్ అనే మూలిక వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి.

ఏ మందు మొదలుపెట్టినా సుమారు మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకోవాలి. తగ్గినట్టుంది కదా అని ఈస్ట్రోజన్‌ను గాని, పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివాటిని గాని ఉన్నట్టుండి మానేస్తే బాధ తిరగబెట్టవచ్చు. అండాశయాలు తీసేస్తారని ముందే తెలిసినవారు ఈ చికిత్స తమకు తగునా, తగితే ఆపరేషన్ అయిన ఎన్నో రోజు నుంచి మొదలుపెట్టాలి అన్నది ఆసుపత్రిలో చేరకముందే అడిగి, జవాబును ఫైలులో రాయించుకుని వెళ్లడం మేలు.